ఐదో మెట్టు

ఉష్గులిలో ఇళ్ల పక్కన రాతి బురుజులుంటాయి,
పగవాళ్లొస్తే ఎక్కి దాక్కోడానికి ఎప్పుడో కట్టుకున్నవి.
వాటికి ఎగువన, గడ్డివాలు మీద, నా బురుజు:
ఇనుముది. దీంట్లో ఎవరూ దాక్కోలేరు,
దీని పనే అందుకు అడ్డం.

పిక్రియా తేనెటీగల్ని పెంచుతుంది.
నేను జనరేటరుకి డీజిలు పోయడానికి వెళ్లినప్పుడల్లా
కంచె అవతల నిలబడి ఒక మాట అడుగుతుంది, ఒక్కటే.
వేసవిలో ఒకరోజు: "సెల్లంటే?"
చేతిలో ఉన్నది కాదన్నాను.
ఒక టవరు గొంతు ఎంతమేర వినబడితే
అంత నేల ముక్క, అదీ సెల్లు.
కాగితం మీద గీసి చూపించాను, ఆరు మూలలు,
పక్కన ఇంకోటి, దాని పక్కన ఇంకోటి.
ఆమె నవ్వింది.
"దీనికోసం యూనివర్సిటీకి వెళ్లావా?
నా పెట్టె మూత తీస్తే సరిపోయేది."

హ్యాండోవరు త్వరగానే పట్టుకుంది:
ఒక చెయ్యి వదిలేలోపు ఇంకో చెయ్యి అందుకోవడం.
చిన్నప్పుడు ఎంగురి దాటేటప్పుడు
పినతండ్రులు తననలాగే దాటించారట.
లేటెన్సీని మాత్రం ఒప్పుకోలేదు.
అడగడానికీ జవాబుకీ నడుమ పట్టే కాలానికి
వేరే పేరెందుకు, అది మా మురజి కదా, అంది.

మురజి ఆమె తమ్ముడు.
అక్టోబరు మంచు ముందే దిగిన మంగళవారం
తప్పిపోయిన ఎద్దుని వెతుకుతూ పైకెళ్లి
రాత్రికి రాలేదు.
దారి మూసుకుపోయి నేనూ ఊళ్లోనే ఉండిపోయాను.
తెల్లారకముందే తలుపు కొట్టింది.
ఈసారి అర్థం అడగలేదు.
"నీ ఇనపదానికి తెలిసే ఉంటుంది," అంది.

తిబ్లిసీ కంట్రోలు రూములో నైటు డ్యూటీ ఎల్గుజా
ఆవులిస్తూ లాగు తిరగేశాడు.
చివరి పలకరింపు సాయంత్రం ఐదుంబావుకి.
రెండో సెక్టారు. టైమింగ్ అడ్వాన్సు ఐదు.

దూరాన ఉన్న ఫోను
తన మాట వేళకి చేరాలని
కాస్త ముందే నోరు తెరుస్తుంది.
ఎంత ముందో తెలిస్తే ఎంత దూరమో తెలుస్తుంది:
ఒక్కో మెట్టూ ఐదొందల యాభై మీటర్లు.
చోటు మాత్రం తెలీదు. సెక్టారు చెప్పేది
కొండలో మూడోవంతు.
మ్యాపు మీద పెన్సిలుతో ఒక వంపు గీశాను,
కొడవలిలా వచ్చింది.
"అంతేనా?"
అంతే.

ఆ వంపు వెంబడి తొమ్మిదిమందిమి నడిచాం.
మధ్యాహ్నానికి ఫోను దొరికింది,
మంచులో, అద్దం పగిలి, బ్యాటరీ చచ్చి.
దాన్ని అరచేతిలో పెట్టుకుని ఆమె ఏమీ అనలేదు.
నేనూ అనలేదు.
ఇంకో గంటన్నరకి, పాత గొర్రెల దొడ్డిలో,
ఎద్దు పొట్టకి వీపు ఆనించుకుని మనిషి దొరికాడు,
చీలమండ వాచి, కోపంగా.
"ఎద్దుని కనుక్కున్నది నేను," అన్నాడు ముందుగా,
మేం దాన్ని లాక్కోడానికొచ్చినట్టు.

చెప్పాల్సింది ఇంకోటుంది.
ఆపేస్తే, ఫోను టవరుకి వెళ్లొస్తానని చెప్పే పోతుంది.
డిటాచ్ అంటారు దాన్ని.
బ్యాటరీ చచ్చినప్పుడు ఆ మర్యాదకి వ్యవధి ఉండదు.
నెట్‌వర్కు కూడా వెంటనే కొట్టెయ్యదు,
ఉన్నాడనే రాసుకుని ఓ పగలూ రాత్రీ కాచుకుంటుంది.
గడువు దాటాక తనే తీర్మానిస్తుంది, పోయాడని.

బుధవారం సాయంత్రం ఎల్గుజా ఫోను, గొంతు తగ్గించి:
"లమారా, ఆ నంబరు గడువైపోయింది.
సిస్టం తీసేసింది."
పొయ్యి పక్కన మురజి
రెండో గిన్నె చారు జుర్రుతున్నాడు,
ఆ చప్పుడు తిబ్లిసీ దాకా వినబడే ఉంటుంది.
"ఏమంటున్నాడు?" అంది పిక్రియా.
చెప్పాను.
తమ్ముడి వైపు కాసేపు చూసి
చారులో వెల్లుల్లి ఉప్పు ఇంకాస్త వేసింది.

రాత్రి అతని సిమ్ము తీసి నా పాత ఫోనులో పెట్టాం.
ముందు ఏమీ లేదు. తర్వాత ఒక గీత.
ఎవరు నువ్వని టవరు అడగడం, సిమ్ము చెప్పుకోవడం,
ఎక్కడో ఇంటి రిజిస్టరులో పేరు వెతకడం,
అన్నీ ఆ గీతలోనే అయిపోయాయి.
"దీన్నేమంటారు?"
అటాచ్, అన్నాను.
పిక్రియా తమ్ముడి వైపు తిరిగి స్వాన్ భాషలో ఏదో అంది.
నాకా భాష సగమే వచ్చు.
ఎద్దుకి గడ్డి వెయ్యమని కావచ్చు.