పొరపాటు రంగు

ముప్పై ఒక్క ఏళ్లు ఈ ఊరికి ఉత్తరాలు పంచాను.
ఇళ్ల ముఖాలే నాకు తెలుసు,
వీపులు తెలియవు.
ఏ మెట్టు కదులుతుందో, ఏ గేటు కీచుమంటుందో,
ఏ కుక్క పళ్లు చూపిస్తూనే తోకాడిస్తుందో
ఇప్పటికీ నా మోకాళ్లని అడిగితే చెబుతాయి.

రిటైరయ్యాక ఒక పొద్దున
రోడ్డుకి అవతల నిలబడి
నా ఇంటిని చూశాను,
ఎవరికో ఉత్తరం పట్టుకొచ్చినదానిలా.
అబ్బో.
తలుపు మీద రంగు ఉల్లిపొరలా లేస్తోంది.
ఇంటి నంబరులో నాలుగు
ఒంటి మేకు మీద తలకిందులుగా వేలాడుతోంది.
ఊరందరి డబ్బాల్లో ఉత్తరాలు వేసిన నేను
నా డబ్బా మూతకి రబ్బరు బ్యాండు కట్టుకున్నాను.

పింఛను నెల సగంలోనే ఆవిరయ్యే రకం.
వాడేసిన కవరు వెనక రాసుకున్నాను: నూట ఇరవై డాలర్లు.
అది దాటితే ఒక్క మేకు కూడా కొనను.
డబ్బు అడగనివి ముందు:
సబ్బునీళ్లు, గీకుడు బ్లేడు, నా మొండితనం.
గడ్డి అంచుని పారతో కత్తిరించాను
దర్జీ సుద్దగీత వెంట కత్తెర నడిపినట్టు.
పక్కింటి డార్నెల్ కొట్టించిన మేపుల్ చెట్టు
పొట్టుగా మారి కుప్పపడి ఉంటే
తోపుడుబండిలో నాలుగు విడతలు మోసి
పొదల కింద పరిచాను.
అతనికి ఒక పీచ్ పై బాకీ.

పైన పటారం, లోన లొటారం అని
ఇలాంటి పనులు చేసేవాళ్లని నవ్వేదాన్ని.
నా లోన లొటారం ఎలాగూ నాకు తెలుసు,
పటారమైనా ఉండనీ.

తలుపు దగ్గరికొచ్చి ఆగిపోయాను.
ఏ రంగు?
"నదికి పోదాం పద" అంది లొరీన్,
మా ఆయన చెల్లెలు.
ఆయన పోయినా ఈ చుట్టరికం పోలేదు.
"పెల్టన్ ల్యాండింగ్, గంటన్నర దారి.
పెట్రోలు నాది, శాండ్‌విచ్‌లు నీవి."

ఒహైయో నది ఆ రోజు తొందరలో లేదు.
బొగ్గు బార్జీ ఒకటి
ఊరంత పొడవున ఊరి ముందునుంచే పోతోంది,
ఎంతసేపటికీ పోతూనే ఉంది.
ఇటుక ఇళ్లు ఒకదాని భుజం ఒకటి ఆనుకుని
నీళ్లకేసి చూస్తున్నాయి,
అప్పులవాడు వచ్చే దారిని చూసినట్టు.
మూలింటి గోడ మీద తెల్లటి గీతలు,
ప్రతి గీత పక్కన ఒక సంవత్సరం.
అన్నిటికన్నా పైగీత నా తలకి రెండు మూరల ఎత్తు.

వరండాలో ఒకావిడ బీన్స్ తుంచుతోంది.
ఐడెల్లా ఫౌట్స్ అని చెప్పుకుంది, అడక్కుండానే.
"తలుపుకి ఏటా రంగేస్తా.
ఆ గీతల మీద మాత్రం కుంచె పెట్టనివ్వను.
వచ్చినవాడు ఎంతవరకు వచ్చాడో తెలియాలిగా."
తలుపు రంగు పేరేమిటని అడిగాను.
"పేరా? హార్డ్‌వేర్ షాపు వెనక బల్ల మీద చూడు.
తప్పుగా కలిపినవి, ఎవరూ వద్దన్నవి. ఏడు డాలర్లు."

చూశాను.
మూత మీద బొట్టంత రంగు.
ఆకుపచ్చ కాదు, ముదురు గోధుమ కాదు,
మూడు గంటల ఎండలో
బార్జీ వెనక నీళ్లు విరిగినప్పుడు ఉందే, అది.
"బురద" అంది లొరీన్.
కొన్నాను. ఒక కుంచె కూడా.
దారంతా డబ్బా నా కాళ్ల మధ్యే,
మలుపు తిరిగినప్పుడల్లా లోపల కదులుతూ.

రెండు పూతలు పట్టింది.
తలుపు అడుగున హాస్కెల్ గోళ్ల గీతలున్నాయి
(ఉత్తరాలావిడ ఇంట కుక్క, ఊరికి ఇదో నవ్వు).
పుట్టీ కొన్నాను గానీ
వాటిని పూడ్చలేదు.
నాలుగు నిటారుగా నిలబడింది.
కవరు వెనక లెక్క: ఇంకా అరవై ఒక్క డాలర్లు మిగులు,
పీచ్‌లు ఇంకా కొనలేదు.

సోమవారం కొత్త కుర్రాడు క్వింటన్ వచ్చాడు, సంచి భుజాన.
డబ్బా మూత ఎత్తబోయి
తలుపుకేసి చూస్తూ ఒక్క క్షణం ఆగాడు.
కర్టెన్ వెనక నేను.
ఆ ఆగడం నాకు తెలుసు.
ముప్పై ఒక్క ఏళ్లలో నేను అలా ఆగిన ఇళ్లు
పదకొండు.

కరెంటు బిల్లు వేసి వెళ్లిపోయాడు.