మూడు మిల్లీమీటర్లు

పదకొండు పేజీల కాయితం.
మూలన పిన్ను తుప్పు పట్టి
మూడో నిబంధన దాకా మరక దిగింది.
కళ్యాణదుర్గం నుంచి బస్సులో వచ్చేటప్పుడే రెండుసార్లు చదివినా.
మూడోసారి అందరి ముందర, గట్టిగా,
సొసైటీ రేకుల షెడ్డులో,
చింతగింజల గంజి వాసన నడుమ.

వెనుకబడిన ప్రాంతాల అభివృద్ధి నిధి.
ఒక్కో ప్రాజెక్టుకు పద్దెనిమిది లక్షలకు మించరాదు.
ఉన్ని ఏకే మిషను ఒకటి,
ఉన్ని కడిగే తొట్టి ఒకటి.
మేమడిగేది అందులో సగం గూడా కాదు.

'దరఖాస్తు చేయు సంస్థ నమోదై మూడేండ్లు నిండవలెను.'
రాట్నం ఆపకుండానే నవ్వింది హనుమక్క.
ఆమె వేళ్ళకు పోగు ఎన్నేండ్ల నుంచి తెలుసో
ఏ రిజిస్ట్రారు రాసి పెట్టుకున్నాడు?
మా తాత కప్పుకున్న కంబళే
మా నాయన కప్పుకున్నాడు,
దాని మిందనే నేను పుట్టినానంట.
సరే, అదంతా యాడ రాయాల్నో గడి లేదు.
నమోదు పత్రం ఉంది. మూడేండ్ల నాలుగు నెలలు.
టిక్కు పెట్టినా.

'లబ్ధిదారుల వాటా పది శాతం.'
గుంత మగ్గం మీద నాడె ఆగింది.
కొంచెంసేపటికి బీరప్ప లేచి
రెండు పొట్టేళ్ళు అన్నాడు.
ఎవరో గాజులన్నారు, తలెత్తి చూడకుండా రాసుకున్నా.
ఈరన్న మాత్రం
'అప్పు తెచ్చి కట్టేదాన్ని వాటా అంటారా?' అన్నాడు.
పదకొండు పేజీలూ తిప్పినా.
దానికి జవాబు లేదు.

ఆడిట్ రిపోర్టు ఉంది.
దాని కోసం అనంతపురం నాలుగు తూర్లు తిరిగినా.
అయిదో తూరి ఒక కంబళి తీసుకపోయినా.
ఏసీ గదిలో చలేస్తాందని
దాన్ని మోకాళ్ళ మింద కప్పుకొనే
సంతకం చేసినాడు ఆ సారు.

ఏడో నిబంధన కాడికొచ్చి గొంతు తగ్గించినా.
'ప్రాజెక్టు ప్రాంతము కరువు మండలాల
తాజా జాబితాలో ఉండవలెను.'

లేము.

మండలాఫీసు వెనకాల, పాత జనరేటరు పక్కన
వాన కొలిచే గొట్టం ఒకటుంది.
ఆగస్టులో ఒక రాత్రి
దావ తప్పిన మబ్బొకటి వచ్చి
సరిగ్గా దాని మింద కురిసి పోయింది.
పదహారు మైళ్ళవతల మా ఊర్లో ఆ రాత్రి
ఉక్కకు పిల్లోళ్ళు నిద్రపోలేదు.
బుడ్డశెనిగ అట్లే నిలబడి ఎండింది.
గీత దాటను మూడు మిల్లీమీటర్లు కావాల్నంట.
మేం దాటినామంట.

అనంతపురం ఆఫీసులో నస్రీన్ మేడం
కంప్యూటరు నా తట్టు తిప్పి చూపించింది.
'చూడన్నా, మండలం పేరు కొడితే తీసుకోదు.'
ఎర్ర అక్షరాలు.
ఆమె ఇంకోసారి కొట్టింది, ఇంకోసారి,
నా కోసమే కొడతాందని నాకు తెలుసు.
తర్వాత టిఫిను డబ్బా తెరిచి
సగం రొట్టె నా చేతిలో పెట్టింది,
ఏ అర్హతా అడక్కుండా.

ఊర్లో చెప్తే ఎవరూ అరవలేదు.
హనుమక్కే అనింది,
'ఆ రాత్రి వాన మన లెక్కలో పడింది గదరా,
ఆ నీళ్ళు యాడ పెట్టినారో అడిగి తేపో.
ఉన్నన్నా కడుక్కుందాం.'

మరుసటి దినం ఒక గాజుసీసాకు
ఈరన్న కూతురి స్కేలు కట్టి
షెడ్డు మింద పెట్టినాం.
ఆఫీసోళ్ళ మాదిరే
పొద్దున ఎనిమిదిన్నరకు నిచ్చెనెక్కి చూస్తా.
నోటుబుక్కు పద్దెనిమిది రూపాయలు,
ఇతర ఖర్చుల కింద వేసినా.
ఇదేం పద్దని ఆడిటరు అడుగుతాడు, అడగనీ.

సున్న. సున్న. సున్న.
నా చేతిరాత సున్నల్లో బాగా కుదిరింది.

నిన్న రాత్రి రేకుల మింద చప్పుడైతే
అందరం లేచినాం. పదో పన్నెండో చినుకులు.
పొద్దున ఎక్కి చూస్తే
సీసా అడుగున ఒక మిడత,
దాని కాళ్ళు తడిసేంత నీళ్ళు.
స్కేలు మొదటి గీత ఇంకా పైనే ఉంది.
సున్న రాయను చెయ్యి రాలేదు.
గడి ఖాళీగా విడిచి
మిడతను తీసి
ఎండలో పెట్టినా.