గాజుగ్లాసు

కట్ట నాది. పాసుపుస్తకంలో నా పేరే.
కింది ఏడిళ్లు నావి కావు.

ఉదయగిరి కొండమీద ఉరుము. వాయుగుండం మూడో రాత్రి.
కలుజు మీద జానెడు నీళ్లు.
ఎండ్రకాయ బొక్కలు నిరుడే పూడ్పించా.
కొట్టేసిన తుమ్మ వేళ్లే
లోపల కుళ్లుతుంటాయి.

"ఊట తేటగా ఉంటే కట్టకు చెమట,
ఎర్రబడితే నెత్తురు" అనేవాడు మామ.

టార్చి చంకలో ఇరికించి
గాజుగ్లాసు ఊటకింద పట్టాను.
మొదటిది తేట. రెండోదీ తేటే.
మూడో గ్లాసు అడుగున
గోరంత ఎర్రమన్ను.

నా వేలిదేమో, వాన చిందిందేమో
అనుకుంటే ఎంత హాయి!

మస్తానమ్మ తలుపు కొట్టి గ్లాసు చూపించాను.
మాట్లాడకుండా పిల్లను భుజానేసుకుంది.
తక్కిన ఆరు తలుపులూ తనే కొట్టింది.

తెల్లారింది. కట్ట నిలిచే ఉంది.
గ్లాసు మాత్రం తిరిగివ్వలేదు:
"ఈ రాత్రి నేను పడతాలే,
నువ్వు మట్టి తోలించు."