విప్పినవాడి కొలతలు

నా పేరు నాగూర్‌వలి. పొన్నూరులో పాత కలప అడితి.
ఇరవై రెండేళ్లలో పదిహేడు ఇళ్లు విప్పాను.
మా వృత్తిలో కూల్చామనం. విప్పామంటాం,
పెళ్లయ్యాక పందిరి విప్పినట్టు.
ముందు పెంకులు, తర్వాత వాసాలు, దూలం,
ఆఖర్న గుమ్మం.
గుమ్మం లేచాక అది ఇల్లు కాదు,
లారీ లోడు.

పాత పోస్టాఫీసు వీధి వాళ్లు అడితి ముందుకొచ్చి నిలబడితే
అమ్మకానికే అనుకుని రేటు మొదలెట్టాను.
మందుల షాపు భ్రమరాంబగారు చెయ్యెత్తి ఆపింది.
"విప్పడం వచ్చినవాడికే కదయ్యా
ఎక్కడ బిగించారో తెలిసేది."

తొమ్మిది ఇళ్లు, తొమ్మిది చీటీలు,
నెలకు ఇంటికి ఐదు వేలు.
పాట లేదు, తోపు లేదు,
స్టీలు గ్లాసులో కాగితం ముక్కలు.
ఎవరి పేరొస్తే ఆ నెల వాళ్ల కప్పు నిలబడుతుంది.
రెండో చీటీ తాళం వేసిన ఇంటికొచ్చింది.
ఆ ఇంటి వాటా ఎవరు కడుతున్నారని అడిగాను.
అందరూ గ్లాసు వంక చూశారు.

గోడలు నాకు రావు.
ఎప్పుడో ఎవరో పూసిన సిమెంటు కింద
ఇటుక తడిసి, ఉబ్బి, పెచ్చులై రాలుతోంది.
పేట నుంచి దీనమ్మను తెచ్చాం.
గానుగ సున్నం తొక్కిన కాళ్లు ఊళ్లో ఇక ఆ రెండే.
కరక్కాయ ఎంత, బెల్లం ఎంత అని
ఇంజనీరింగు చదివే సాహితి పుస్తకం తెరిస్తే
నానబెట్టిన నీళ్లలో వేలు ముంచి నాలిక్కి రాసుకుంది.
"రేపు. ఇవాళింకా వగరు రాలా."
ఆ పిల్ల అదే రాసుకుంది, "రేపు" అని.

నాలుగో ఇంటికి సింహద్వారం లేదు.
ఎక్కడుందో నాకు తెలుసు, అమ్మింది నేనే.
హైవే మీద హోటల్లో అడ్డంగా పడుకుని ఉంది,
పైన గాజు పలక, గాజు మీద సోంపు గిన్నె, బిల్లుల మేకు.
ఇవ్వమన్నారు. తప్పు వాళ్లది కాదు, రశీదు నా చేతి రాతే.
టీ తాగుతున్నట్టు కూర్చుని
జేబులో పురికొసతో కొలిచాను,
కుసికో ముడి, బెజ్జానికో ముడి.
వచ్చి, మిగిలిన ముక్కలతో కొత్తది చేశాను.
ఏడు ఇళ్ల టేకు ఒక్క తలుపులో.
మూస్తే ఏడు రకాలుగా మూలుగుతుంది.

మాఘమాసం ఆదివారం వీధిని చూడ్డానికి తెరిచారు.
టిక్కెట్టు పది రూపాయలు, పిల్లలకు ఊరికే.
హైస్కూలు కుర్రాడొకడు కర్ర పుచ్చుకుని
"ఈ తలుపు నూట పదేళ్లనాటిది" అంటున్నాడు.
వెనక నిలబడ్డాను.
మొన్న కార్తీకంలో పుట్టింది బాబూ
అనబోయి మింగేశాను.
టేకు వయసు చెబితే వాడిది నిజమే,
తలుపు వయసు చెబితే నాది.

దీనమ్మ ఇంకా రాలేదేమని వెతుకుతుంటే
దొడ్డిసందులో కనబడింది.
ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిలో టిక్కెట్టు పట్టుకుని,
మూసిన దొడ్డితలుపు ముందు నిలబడి ఉంది.
యాభై ఏళ్లు ఈ ఇళ్లకి సున్నం మోసిన దారి అది.
కాళ్లకి ఇంకోటి తెలియదు.
భ్రమరాంబగారు ఏమీ అనలేదు.
చెయ్యి పట్టుకుని వీధంతా చుట్టి తీసుకొచ్చింది.
జనం తప్పుకున్నారు. కొందరు తప్పుకోలేదు.

అరుగెక్కింది. కూర్చోలేదు.
గోడకి చెవి ఆనించి, వేలి కణుపుతో మూడుసార్లు కొట్టి
లోపలి మాట విన్నాక మా వైపు తిరిగింది.

"ఇంకా పచ్చిగానే ఉంది.
ఆర్నెల్లు ఎవర్నీ మేకు కొట్టనీమాకండి.
ఆ ఫొటోలూ బోర్డులూ తియ్యండి ముందు."

తీశాం.