ఫ్యాను కట్టేయండి, ఒక్క నిమిషం

ఘోషాసుపత్రి బాలింతల వార్డులో
నేను రోజూ బతిమాలుకునేది ఇదొక్కటే.
ఉక్కపోతకి అందరూ విసుక్కుంటారు.
కిటికీ మూస్తాను. ఆయా చెప్పుల చప్పుడు ఆపిస్తాను.
హార్బరులో కూసే ఓడని మాత్రం ఏం చెయ్యను?
అది కూసినంతసేపూ
ఊపిరి బిగబట్టి కూర్చుంటాం, నేనూ మెషీనూ.

శనగబద్దంత రబ్బరు మూతి
రెండు రోజుల చెవిలో పెడతాను.
టిక్కు టిక్కుమని చిన్న చప్పుళ్లు లోపలికి పంపిస్తాను.
చాలామందికి తెలీదు,
బాగున్న చెవి వినడమే కాదు, తిరిగి పలుకుతుంది.
చీమ గొంతుకన్నా సన్నగా
"ఆఁ, ఉన్నాను" అంటుంది.
ఆ పలుకు కోసమే ఇంత ఉక్క.

మైలపల్లి నూకరత్నం కొడుకు
నిన్న పలకలేదు.
ఉమ్మనీటి తడి ఇంకా ఆరలేదేమోలే అన్నాను.
ఇవాళా పలకలేదు.
కుడి చెవి. ఎడమ చెవి. మళ్లీ కుడి.
'పాస్' అని రావలసిన చోట
'రిఫర్' అని వచ్చి కూర్చుంది.

"ఒలమ్మా, నా మనవడికి సెవుడేటి?"
నాయనమ్మ స్టీలు గ్లాసు తీసి ఇనపమంచానికేసి కొట్టింది.
పిల్లాడు ఉలిక్కిపడ్డాడు.
"సూసినావా!"
వార్డంతా వినబడేలా నవ్వింది.
అది మంచం అదురమ్మా, అనలేకపోయాను.
మా తమ్ముడూ అలాగే ఉలిక్కిపడేవాడు,
తలుపు దభాలున పడితే తిరిగి చూసేవాడు.
మూడేళ్లదాకా మేమూ ఇలాగే నవ్వుకున్నాం.

నూకరత్నం చీటీ రెండుసార్లు చదువుకుంది.
"తొమ్మిది నెల్లూ జాలరిపేటలో
సముద్రం పక్కనే పడుకున్నానండి.
అదీ ఇన్నేదేటి ఈడు?"

ఇది ఆఖరిమాట కాదన్నాను.
పెద్ద పరీక్ష ఉందన్నాను, మూడో నెల నిండేలోపు.
ఆమె నన్ను దాటి కిటికీ వైపు చూస్తోంది.
కింద, సైకిల్ స్టాండు దగ్గర మొగుడు,
లోపలికి రానివ్వరుగా.
కిటికీ తీసి చెయ్యెత్తింది.
అరచెయ్యి తిప్పింది, రెండు వేళ్లు చెవికి తాకించింది,
మూడు చూపించి, పిడికిలి మూసింది.
కాసేపు ఏమీ లేదు.
తర్వాత కిందనుంచి ఒక చెయ్యి లేచింది,
నెమ్మదిగా, రెండుసార్లు.

"బోటు మీద ఇంజిను మోతలో
నోటిమాట ఎవులికి ఇనబడద్దండీ?
మాకు సేతులే" అంది.
ఆమె చేతినీడ
పిల్లాడి మొహం మీద పడి లేచింది.

ఫ్యాను వేయించాను.
కార్డు మీద తేదీ ఎర్ర ఇంకుతో రాశాను.
తల్లికి చెప్పాను, నాయనమ్మకి చెప్పాను,
వంగి, చెవి దగ్గర,
వాడికీ చెప్పాను.
అలవాటు.