మీటరుకు అవతల

బోరబండల మా మిద్దె మీద
ఆరు పలకలు పరిచిన నాడు
గల్లీ సగం పైకెక్కి చూసింది.
"ఇగ నీకేంది అండాలక్కా,
కరెంటు పోతే మాకింత గుంజియ్యి" అన్నరు.
నేనూ గదే అనుకున్న.

అంతకుముందు రెండు నెలలు కాగితాలతోని తిరిగిన.
ఇంటి పన్ను రసీదు, పాత బిల్లు,
ఆధార్ మీద నా మొఖం నాకే గుర్తురాదు.
మిద్దె మోస్తదా అని ఒకాయన
పిల్లర్లను సుత్తితోని తట్టి తట్టి విన్నడు,
డాక్టరు ఛాతీ మీద ఏలుతోని తట్టినట్టు.
పెరడు లేని ఇంటికి ఎర్తు గుంత ఏడ తవ్వాలె?
బాత్రూం గోడ పక్కన, కరివేపాకు కుండీ జరిపి,
మనిషి లోతు తవ్వి
బొగ్గు, ఉప్పు, మళ్ల బొగ్గు, మళ్ల ఉప్పు
తొక్కు జాడీ నింపినట్టు నింపిండ్రు.
ఆఖరికి వచ్చింది
రెండు దిక్కుల లెక్కవెట్టే మీటరు.
నేనిచ్చింది ఒక అంకె, తీసుకున్నది ఒక అంకె.
నా బతుకుల గిసొంటి మీటరు
ఇంకెవ్వలూ పెట్టలే.

మే ఆఖరు. బడి యూనిఫారాలు.
నూట నలభై చొక్కాలకు కాలర్లు మిగిలినయి.
రాత్రి గాలిదుమారం లేసి
గుల్‌మొహర్ కొమ్మ తీగల మీద ఒరిగింది.
పొద్దుగాల ఆకాశం తోమిన తాంబాలం.
ఎండ కుమ్మరిస్తున్నది,
పలకలు ఆరూ నోరు తెరిచి తాగుతున్నయి,
కింద నా మిషను కదలదు.
ఇన్వర్టర్ మీద ఎర్ర చుక్క
ఆరుతది, వెలుగుతది.
బాయి గట్టు మీద కూసొని
దూపతోని సచ్చుడంటే గిదే.

ఖాజా వచ్చిండు.
వైరింగుల వాని చెయ్యి మంచిది.
"లైన్ల కరెంటు లేకుంటే అది పండుకుంటది అక్కా.
నా చిన్న జనరేటరు ప్లగ్గుల పెట్టి
వచ్చిందని అబద్ధం చెప్దాం, లేస్తది.
ఎవ్వలకు తెల్వది."
వాని చేతుల గజం వైరు,
రెండు కొసలకూ ప్లగ్గులే,
రెండు తలల పాము లెక్క.
నేను కాలర్ల కుప్ప దిక్కు చూసిన.
సరే అననీకె నోరు కూడ తెరిచిన.

బయట నిచ్చెన చప్పుడు.
లైన్‌మన్ మల్సూర్.
స్తంభం సగం ఎక్కి, మా మిద్దె చూసి ఆగిండు.
"పలకలు నీవేనా అక్కా?"
"నావే."
"మీటరు ఆఫీసోల్లు పెట్టిందేనా?"
"ఆఁ. సంతకంతోని."
ఇంకేం అడగలే.
కట్టెతోని తీగను తట్టి చూసిండు.
చెమటకు జారుతున్నదని
చేతితొడుగు ఇప్పి సంకల పెట్టుకున్నడు.
మణికట్టుకు ఎర్ర దారం.
ఉత్త చేత్తోని తీగ పట్టిండు.

ఖాజా ఆ వైరును మెల్లగ చుట్ట చుట్టి
జేబుల వెట్టుకున్నడు.
మేమిద్దరం ఒకరి మొఖం ఒకరం చూసుకోలే.

"ఊరంత చీకటైతే మీ ఇల్లు దీవి కావొద్దు"
అన్నడు అప్పట్ల ఇంజనీరు.
తల ఊపిన గని తలకెక్కలే.
ఆ పెట్టె చెడిపోయి ఆగలే,
మంచిగున్నది గనకనే ఆగింది.

పదకొండు దాటినంక
"వచ్చింది!" అని గల్లీ ఒక్క గొంతై అరిచింది.
ఎర్ర చుక్క ఇంకింతసేపు ఆలోచించి
పచ్చగైంది.
మల్సూర్ దిగి, సీసా నీళ్లు
సగం తాగి సగం నెత్తిన పోసుకొని
"చాయ్ వద్దక్కా, ఇంకా నాలుగు స్తంభాలున్నయి"
అనుకుంట పోయిండు.
చొక్కాలు ఒక దినం ఆలస్యం.
హెడ్‌మాస్టరు ఐదు వందలు కోసుకున్నడు.

ఈ యేడు బ్యాటరీ పెట్టిచ్చిన,
మళ్ల కాగితాలతోనే.
వేరే డబ్బా, వేరే లైను,
ఒక మిషను, ఒక ఫ్యాను, ఒక బల్బు.
బిగిచ్చింది ఖాజానే.
కరెంటు పోతే టక్కుమని ఒక చప్పుడు,
గల్లీకీ నాకూ నడుమ
తలుపు వేసుకున్న చప్పుడు.
అది ఇన్నంకనే కుట్టుడు మొదలువెడ్త.

అయినా ఒక అలవాటు పోలే.
సూదిల దారం ఎక్కియ్యక ముందు
కిటికీలకెల్లి ఒక్కసారి
స్తంభం దిక్కు చూస్త.