నీలి అద్దం

వీక్లీ ఆఫ్ సంగతి ఒంటికి తెలీదు.
మూడున్నరకే కళ్లు తెరుచుకుంటాయి,
ఇరవై తొమ్మిదేళ్లుగా కోక్ ఓవెన్ల మీద
రాత్రుళ్లు కాపలా కాస్తున్న కళ్లు.
లేచాం కదా అని
అల్లుడు వాడి పడేసిన కెమెరా భుజాన తగిలించుకుని
చెవులకి మఫ్లర్ చుట్టి
గాజువాక నుంచి అప్పికొండ దాకా బండి మీద పోతాను.

గెడ్డ వచ్చి సముద్రంలో కలిసేచోట
ఎవరో పాతి మరిచిపోయిన వెదురు గెడ.
దాని మీద లకుముకి పిట్ట వాలుతుందట.
'ట' అన్నానంటే నేను చూళ్లేదనే.
పదకొండు వారాలు.
గెడ ఉంది, గెడ మీద మంచు ఉంది,
ఒకసారి కాకి ఉంది.

వల కంతలు కుట్టుకుంటూ చోడిపల్లి దానయ్య నవ్వుతాడు:
"ఆ పిట్ట కోసవేనా బాబూ?
నువ్వు బండి స్టాట్ సేసినాకే అదొస్తాది.
దానికి నీ టయిం తెల్సు."

బ్యాటరీల గురించి నాకెవరూ చెప్పక్కర్లేదు.
మా బ్యాటరీలో పొయ్యిలు
నేను చేరిననాటి నుంచి ఒక్క పూట ఆరలేదు.
ఈ కెమెరా బ్యాటరీ మాత్రం
చలికి నలభై నిమిషాల్లో ప్రాణం వదిలేస్తుంది.
ఆ తర్వాత ఖాళీ చేతులతో ఇసకలో కూర్చోవడం
మొదట్లో నామోషీగా ఉండేది.
పోనుపోను
కళ్లు వాటి పనిలో అవి పడ్డాయి.

ఎండ్రకాయ బొరియలోంచి ఇసక ఉండలు మోసుకొచ్చి
చుట్టూ పేరుస్తుంది.
అల తుడిచేస్తే
షిఫ్టు ఇన్‌ఛార్జిని తిట్టుకోకుండా మళ్లీ మొదలెడుతుంది.
దానయ్య కోడలు
చంటిపిల్ల పాదం నీళ్లకి ఆనించి, తీసి, మళ్లీ ఆనిస్తుంది.
ప్రతిసారీ ఆ పిల్లకి సముద్రం కొత్తే.
తెప్ప అడుగున ఆరిన ఉప్పు
గోటితో గీకితే పొరలు పొరలుగా లేస్తుంది.
ఇవేవీ నేను వెతుక్కుంటూ రాలేదు.
పిట్ట రాకపోబట్టి దొరికాయి.

పన్నెండో వారం,
సూర్యుడికి ఇంకా ఇరవై నిమిషాల టైముంది.
నీళ్లు, ఆకాశం, గులకరాళ్లు, దానయ్య తెల్ల బనీను
అన్నిటికీ ఒకటే నీలం పట్టింది.
ఎక్కడో చూశాను.
ఎక్కడో ఏమిటి, రోజూ చూస్తాను!
పొయ్యిలోకి తొంగిచూసేటప్పుడు
కంటికి అడ్డం పెట్టుకునే అద్దం అది.
పదమూడు వందల డిగ్రీల మంట కూడా
అందులోంచి చూస్తే మీగడలా మెత్తబడుతుంది.
ఇన్నేళ్లూ మంటనే చూస్తున్నాననుకున్నాను.
మధ్యలో ఉన్న తెల్లవారుజామున్ని
ఒక్కనాడూ చూళ్లేదు.

అంతలో గెడ మీంచి ఏదో రాలింది.
నేను నొక్కానో, వేలే ఉలిక్కిపడిందో.
"టయిం మార్చిందిరో!" అని దానయ్య కేక.
స్క్రీన్ మీద చూస్తే
పిట్ట లేదు, చేప లేదు,
అడ్డంగా సాగిన ఒక నీలి గీత.

చెరిపేద్దామనుకుంటూనే ఇంటికొచ్చి వరాలుకి చూపించాను.
చేతికంటిన పిండి చీరకి తుడుచుకుని
దగ్గరగా పెట్టుకుని చూసింది.
"ఇదేటి, నా కిటికీ ముక్క ఫొటో ఎప్పుడు తీసేవు?"

పెళ్లైన ఏడాది
జేబులో పగిలిపోయిన అద్దం ముక్కొకటి
విసిరేయమని ఇచ్చాను.
వంటగది కిటికీలో కన్నం ఉంటే
ఆవిడ దాన్ని అక్కడ అంటించిందట.
ఏడింటికి ఎండొస్తుంది,
పిండి డబ్బా మీద బొటనవేలంత నీలం పడుతుంది,
కాసేపుండి గోడెక్కి పోతుంది.
రోజూనట.
ఏడింటికి నేను ఏ రోజు ఆ గదిలో ఉన్నాను కనక?

ఈ వారం అప్పికొండ పోలేదు.
దానయ్యకి ఫోన్ చేసి చెప్పాను,
పిట్టని దాని టైముకి రానిమ్మని.
వంటగదిలో పీట వాల్చుకుని కూర్చున్నాను.
కెమెరా గూట్లోనే ఉంది.
ఆరూ యాభై ఎనిమిది.
డబ్బా మూత తుడిచి పెట్టింది వరాలు,
వాలడానికి.